ఉప్పు వేసిన చెయ్యి

"నేను రాను" అంది చిన్నది. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ మాట అనడం ఇది మూడోసారి.

అమ్మ వినిపించుకోలేదు. మూడు టిక్కెట్లూ చేతిసంచి పక్క అరలో పెట్టి జిప్పు లాగింది.

గుమ్మం దగ్గర నాన్న బూట్లు వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎనిమిది రోజుల్నుంచి ఆయన కూతురితో ఏం చెప్పాలన్నా గోడకే చెబుతున్నాడు. ఇప్పుడూ గోడ గడియారంకేసి చూస్తూ, "ఎవరో రాలేదని రైలు ఆగదని చెప్పు" అన్నాడు.

"ఆపమని ఎవరూ అడగలేదని చెప్పమ్మా" అంది చిన్నది.

"నేనేమన్నా పోస్టాఫీసునా?" అంది అమ్మ. "అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోయలేక నా నోరు పడిపోతోంది. ఏడాదికి ఒక్క ఆదివారం ఆ పట్నం వెళ్తాం. మెట్ల హోటల్లో తింటాం, పాట వింటాం, వచ్చేస్తాం. పంతొమ్మిదేళ్ళుగా మానలేదు. మీ ఇద్దరి ఉప్పు గొడవ కోసం నా పాట మానుకుంటానా? నడవండి."

ఉప్పు అనే మాట వినపడేసరికి ఇద్దరూ నోళ్ళు కుట్టేసుకున్నారు. ఆ ఇంట్లో ఎనిమిది రోజులుగా ఆ మాట ఎవరూ ఎత్తలేదు. కూరలో తక్కువైతే చప్పగానే తింటున్నారు తప్ప డబ్బా అందుకోవడం లేదు.

నాన్న దుప్పట్ల మిల్లు క్యాంటీన్‌లో మూడువందల మందికి మధ్యాహ్నం భోజనం వండిస్తాడు. అక్కడ అందరూ ఆయన్ని పెద్ద గరిటె అంటారు, పక్కనే పనిచేసే కూతుర్ని చిన్న గరిటె అంటారు. ఆ వంటింట్లో ఒక పద్ధతి ఉంది. రుచి చూసే హక్కున్న మనిషి చొక్కా జేబులో చెంచా ఉంటుంది. పదకొండు మంది పనిచేసేచోట చెంచాలు రెండే. మిగతా తొమ్మిది మందీ తరుగుతారు, కలుపుతారు, మంట చూస్తారు, కానీ నాలిక మీద చుక్క వేసుకోరు. ఉప్పు వేసేది చిన్నది. ఆఖరున రుచి చూసి సరే అనేది పెద్దాయన.

పోయిన శనివారం మూడువందల సూప్ గిన్నెలూ నోట పెట్టలేనంత ఉప్పుతో వెనక్కి వచ్చాయి.

"నేను రుచి చూశాక మళ్ళీ వేశావు నువ్వు" అన్నాడు నాన్న.

"ఒక్కసారే వేశాను" అంది చిన్నది.

తొమ్మిది మందీ చూస్తుండగానే ఆయన చెయ్యి చాచి ఆమె జేబులోంచి చెంచా తీసి సొరుగులో పడేశాడు. వారం దాకా ఇటు రావద్దన్నాడు. వచ్చే సోమవారం నుంచి గోదాములో కూర్చోమన్నాడు. పదమూడేళ్ళు చెంచా పెట్టుకున్న జేబు అది. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

అంతకంటే పెద్ద కష్టం ఇంకొకటి ఉంది, అది అమ్మకి కూడా చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ చిన్నదానికి తన మీద తనకే అనుమానం మొదలైంది. ఏమో, అలవాటు కొద్దీ చెయ్యి రెండోసారి వెళ్ళిందేమో. కాఫీలో చక్కెర వేసుకుని, వేశానా లేదా అని మళ్ళీ తాగి చూసుకుంటోంది. ముప్ఫై ఒక్కేళ్ళ మనిషి, తన చేతిని పరాయివాళ్ళ చేతిలా కాపలా కాస్తోంది. సోమవారం అంటే రేపే. గోదాములో కూర్చోవడం గురించి కాదు ఆమె దిగులు. తన చేతిని తను నమ్మకుండా బతకడం ఎలాగన్నదే దిగులు.

చివరికి అమ్మే గెలిచింది. రైల్లో ముగ్గురూ ఒకే వరసలో కూర్చున్నారు, మధ్యలో అమ్మ. గంటన్నర ప్రయాణంలో పొలాలూ పొగగొట్టాలూ వచ్చాయి, పోయాయి. మాట మాత్రం రాలేదు.

పట్నంలో దిగాక స్టేషన్ నుంచి మెట్ల హోటల్ దాకా నడక. ఆ నడకంటే చిన్నదానికి పన్నెండో ఏటనుంచీ ప్రాణం. ఇరుకు వీధులు, పైన కిటికీల్లోంచి ఎవరో ఒకరు పియానో సాధన చేస్తూ తప్పు పడి మళ్ళీ మొదలుపెట్టడం, ట్రాము గంటలు. నాన్న కళ్ళు మూసుకుని ఆమె భుజం పట్టుకుని నడిచేవాడు. "ఎడమవైపు రొట్టెల కొట్టు. నువ్వుల రొట్టె ఇప్పుడే దింపారు. ఆ పక్కన కాఫీ గింజలు మాడబెట్టారు వెధవలు" అని వాసన పట్టి చెప్పేవాడు. ఒక్కటీ తప్పేది కాదు.

ఈసారి ఆయన కళ్ళు తెరిచే నడిచాడు. బోర్డులు చదువుకుంటూ నడిచాడు. తనతో మాటల్లేవు కాబట్టి ఆట కూడా లేదనుకుంది చిన్నది. కొంచెం ఏడుపొచ్చింది, మింగేసింది.

మెట్ల హోటల్ పేరు వేరే ఏదో ఉంది కానీ అది ఎవరికీ అక్కర్లేదు. వీధిలోంచి పద్నాలుగు మెట్లు కిందికి దిగాలి. ఎనిమిది బల్లలు, మసిబారిన కప్పు, రోజుకి ఒకటే సూప్. హోటలావిడ బొద్దుగా ఉంటుంది, గొంతు పెద్దది. వీళ్ళని చూడగానే వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"వచ్చారా పెద్దాయనా! ఉల్లిపాయలు బుట్టెడు పెట్టి ఉంచాను. ఈసారి వలిపించకుండా పంపను" అంది.

అది వాళ్ళిద్దరి పందెం. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని అందులో ఏమేం పడ్డాయో నాన్న చెప్పాలి. ఒక్కటి తప్పినా వంటింట్లోకి వెళ్ళి బుట్టెడు ఉల్లిపాయలు వలవాలి. పంతొమ్మిదేళ్ళలో ఆయన ఒక్క ఉల్లిపాయ వలిచిన పాపాన పోలేదు.

మూడు గిన్నెలు వచ్చాయి. వడగట్టిన సూప్, లేత గోధుమరంగు, పైన నూనె చుక్కలు. నాన్న జేబులోంచి తన చెంచా తీశాడు. ఇరవై ఆరేళ్ళనాటి చెంచా అది, అంచు ఒకవైపు అరిగి వంకర పోయింది. ఒక గుక్క తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. హోటలావిడ నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"కాల్చిన ఉల్లి" అన్నాడు. "చేప తలలు ఉడికించిన నీళ్ళు. మిరియం. చివర్లో నిమ్మతొక్క."

హోటలావిడ చేతులు నడుం మీదనుంచి జారాయి. నాన్న కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి. ఆవిడ అమ్మకేసి చూసింది. అమ్మ తల చాలా కొంచెంగా, అడ్డంగా ఊపింది.

"ఈసారీ మీరే గెలిచారు" అంది హోటలావిడ. గొంతు పెద్దదే కానీ అందులో ఎప్పుడూ ఉండే జోరు లేదు. "ఆ ఉల్లిపాయలు నా తలరాత." గిర్రున తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చిన్నది తన గిన్నెలో చెంచా ముంచింది.

చేప లేదు. నిమ్మ లేదు. ఎండు పుట్టగొడుగులు, వెన్నలో వేయించిన బార్లీ, కాస్త సోంపు. కళ్ళు మూసుకోనక్కర్లేదు, నిన్నగాక మొన్న వంట నేర్చుకున్నవాళ్ళు కూడా చెప్పేస్తారు. నాన్న చెప్పింది పోయిన ఏడాది సూప్. ఆయన రుచి చూడలేదు, గుర్తు తెచ్చుకున్నాడు.

ఆమె ఇంకో చెంచా తీసుకుంది. ఉప్పు సరిగ్గా ఉంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

చలికాలంలో నాన్నకి పది రోజులు జ్వరం వచ్చింది. తర్వాత్తర్వాత, "నోరు కాలింది, నువ్వు చూడు" అనడం ఎక్కువైంది. పాలు విరిగిన రోజున ఆయనే ముందు తాగి ఏమీ అనలేదు. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

అప్పుడు ఆమె ఒక పని చేసింది. చేస్తున్నప్పుడే సిగ్గేసింది, అయినా మానలేదు. ఎనిమిది రోజుల్లో మొదటిసారి తండ్రి మొహంలోకి చూసి మాట్లాడింది.

"ఉప్పు తక్కువైంది కదూ నాన్నా?"

కూతురు పలకరించిందన్న సంతోషంలో నాన్న మొహం ఒక్కసారి విప్పారింది. ఆ విప్పారడం చూసి చిన్నదానికి గుండె కలుక్కుమంది.

"అవును తల్లీ, తక్కువే. ఆవిడకి వయసైపోతోంది" అని ఉప్పుగిన్నె దగ్గరికి లాక్కున్నాడు. మూడు వేళ్ళతో ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు వేశాడు. చెంచాతో కలిపి, రుచి చూసి, తృప్తిగా తల ఊపాడు. "ఇప్పుడు సరిపోయింది."

మిల్లులో మూడువందల మంది సూప్ ఉడుకుతున్న గంగాళం ముందు కూడా ఆయన ఇలాగే తల ఊపి ఉంటాడు.

చిన్నది మళ్ళీ చెంచా ముంచింది. గిన్నె ఖాళీ చేసింది. రొట్టె తింది. తన చేతికేసి చూసుకుంది. నువ్వు కాదే, అనుకుంది. నువ్వు ఒక్కసారే వేశావు. ఆ ఊరట ఎంత హాయిగా ఉందో, దాని పక్కనే వచ్చిన భయం అంత బరువుగా ఉంది. ఎదురుగా నాన్న ఉప్పుకషాయం లాంటి ఆ సూప్‌ని చివరి చుక్క దాకా తాగాడు.

పాటల హాలు పాత ట్రాము షెడ్డు. ఎత్తైన కప్పు, చెక్క కుర్చీలు. తిండి నాన్నది, పాట అమ్మది అని పెళ్ళయిన కొత్తలోనే పంచుకున్నారు వాళ్ళు. హోటల్లో నాన్న మాటే చెల్లుతుంది, ఇక్కడ అమ్మ శాసనం. పాట మొదలయ్యాక ఎవరూ పెదవి విప్పకూడదు. దగ్గు వచ్చినా అమ్మ కళ్ళెర్రజేస్తుంది.

ఐదుగురు వాయిస్తున్నారు. మూడు వయొలిన్లు, ఒక పియానో, ఒక ముసలాయన వేణువు. మొదట్లో నెమ్మదిగా, తలుపవతల ఎవరో నడుస్తున్నట్టుంది. చిన్నది కాసేపు వింది. తర్వాత కార్యక్రమం కాగితం వెనక్కి తిప్పి, సంచిలోంచి పెన్సిలు తీసి రాసింది.

"ఆ సూప్‌లో చేప లేదు."

కాగితం అమ్మ ఒళ్ళోకి తోసింది. అమ్మ దానివంక చూడకుండానే, అలవాటైన పోస్టాఫీసులా, పెన్సిలుతో సహా అటు అందించింది.

నాన్న చదివాడు. మడిచాడు. మళ్ళీ విప్పాడు. వేణువు ముసలాయన ఒక స్వరం మీద చాలాసేపు ఆగాడు. అది అయ్యేదాకా నాన్న కదల్లేదు. అప్పుడు కాగితం తిరిగి వచ్చింది.

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెప్తాను? ఎన్నాళ్ళయింది?"

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచి. మూడు నెలలు. డాక్టరు రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రుచి తెలియని వంటవాణ్ణి మిల్లువాళ్ళు ఒక్క పూట ఉంచుకోరు."

ఆమె రాసేలోపు ఆయన కాగితం మళ్ళీ లాక్కుని కింద ఇంకో వాక్యం చేర్చాడు. "రేపట్నుంచి నువ్వు నా పక్కనే ఉండు. గోదాము లేదు, ఏమీ లేదు. నువ్వు రుచి చూడు, నేను చెప్తాను. మూడో మనిషికి తెలియదు."

చిన్నది ఆ అక్షరాలు చాలాసేపు చూసింది. నాన్న చేతిరాత ఎప్పుడూ గుండ్రంగా ఉంటుంది. ఇవాళ వంకర్లు పోయింది. జాలి కలిగింది, కోపమూ వచ్చింది. ఏది ముందో ఆమెకే తెలియలేదు. పెన్సిలు గట్టిగా నొక్కి రాసింది.

"మరి ఉప్పు ఎవరు వేశారు?"

కాగితం అమ్మ మీదుగా వెళ్ళింది. నాన్న పెన్సిలు పట్టుకున్నాడు. పియానో పరుగు అందుకుంది, వయొలిన్లు వెంటపడ్డాయి, హాలంతా ముందుకి వంగి వింటోంది. ఆయన పెన్సిలు కాగితం మీద ఆనించి అలాగే ఉన్నాడు.

చాలాసేపటికి కాగితం వచ్చింది. ఆ ప్రశ్న కింద జవాబు లేదు. కాస్త దిగువన ఇలా ఉంది.

"పాట ఒక్కటే ఇంకా రుచిగా ఉంది నాకు."

దాని కింద మరో చేతిరాత. పొడుగు అక్షరాలు, అమ్మవి. పాట జరుగుతుండగా అమ్మ పెన్సిలు పట్టింది. "ఇద్దరూ ఆపండి. నాకన్నీ తెలుసు."

చిన్నది తల తిప్పి చూసింది. అమ్మ వేదికకేసి చూస్తూ కూర్చుంది. బుగ్గల మీద తడి ఉంది కానీ పాటకి ఏటా ఉండేదే అది.

విరామంలో నాన్న కుర్చీలోంచి లేవలేదు. నీళ్ళ కుళాయి దగ్గర చిన్నది అమ్మని పట్టుకుంది.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆయనతో కాపురం చేసేదాన్ని నేను. మొదటి వారంలోనే తెలిసింది."

"అంటే పోయిన శనివారం కూడా తెలుసు. నేనింటికొచ్చి ఏడుస్తుంటే నా తల నిమురుతూ కూర్చున్నావు. అప్పుడూ తెలుసు."

అమ్మ గ్లాసు కడిగిందే మళ్ళీ కడిగింది.

"నేనెంత కుమిలిపోయానో తెలుసా? నా చెయ్యి నాకు చెడిపోయిందనుకున్నానమ్మా. పిచ్చెక్కిందేమోనని భయపడ్డాను. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"ఎవరికీ చెప్పనని ఆయన నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఇరవై ఆరేళ్ళ పేరు, ఒక్క జ్వరంతో పోతుందని పసిపిల్లాడిలా ఏడ్చారు. అప్పుడు ఉప్పు గొడవ ఇంకా రాలేదు. వచ్చాక చెప్పాలో, ఒట్టు నిలబెట్టుకోవాలో నాకు పాలుపోలేదు."

"అందుకని నన్ను బలి పెట్టారు ఇద్దరూ."

"ఈ ఏడాది పట్నం మానేద్దామన్నారు మీ నాన్న" అంది అమ్మ నెమ్మదిగా. "పదిసార్లు అన్నారు. నేను పట్టుబట్టి తీసుకొచ్చాను. చెప్పనని ఒట్టేశానే గానీ, ఇక్కడికి తీసుకురానని వేయలేదు."

చిన్నదానికి ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా కోపం పూర్తిగా పోలేదు. గ్లాసు అమ్మ చేతిలోంచి తీసుకుని నీళ్ళు తాగింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది.

"తెల్లారనీ. ఇక నా వంతయిపోయింది. మిగతాది మీరూ మీరూ చూసుకోండి."

తిరుగు రైలు ఎక్కేటప్పటికి ఇంకా వెలుతురు ఉంది. ఈసారి అమ్మ ఎదురు సీట్లో కిటికీ పక్కన కూర్చుని, వచ్చీరాని రాగంలో వేణువు పాట కూనిరాగం తీస్తోంది. తండ్రీకూతుళ్ళు ఒకే సీట్లో మిగిలారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ.

సగం దారి అయ్యాక నాన్న జేబులోంచి చెంచా తీశాడు. రుమాలుతో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

"ఇది నువ్వు పెట్టుకో" అన్నాడు. "సొరుగులోది కాదు. నాది."

చిన్నది దానికేసి చూసింది. పదమూడేళ్ళుగా ఆ చెంచా తన చేతికి వచ్చే రోజు గురించి కలలు కన్నది. ఆ కలల్లో ఎక్కడా రైలు పెట్టె లేదు.

"ఇక్కడొద్దు నాన్నా."

"ఏం?"

"తొమ్మిది మంది ముందు తీసుకున్నావు. తొమ్మిది మంది ముందు ఇవ్వు."

"ఇస్తే వాళ్ళు ఎందుకని అడుగుతారు."

"అడగనీ."

"ఉప్పు నేనే వేశానని చెప్పాలి. ఎందుకు వేశానో చెప్పాలి. ఆ తర్వాత నేనెవర్ని?"

"మరి ఎనిమిది రోజులు నేనెవర్ని?" అంది చిన్నది. అరవలేదు, మామూలుగానే అడిగింది.

నాన్న రుమాలు మడిచాడు. చెంచా మళ్ళీ జేబులో పెట్టుకోబోయాడు, చెయ్యి రాలేదు. దాన్ని ఇద్దరికీ మధ్య ఖాళీ సీటు మీద పెట్టాడు. రైలు ఊగినప్పుడల్లా అది అటు కొంచెం, ఇటు కొంచెం జరిగింది. చిన్నది ముట్టుకోలేదు. ఆయనా ముట్టుకోలేదు. ఆయన తీసి జేబులో పెట్టుకుంటే ఓడిపోయినట్టు, ఈమె తీసుకుంటే ఆ అబద్ధానికి ఒప్పుకున్నట్టు. పట్టుదలలో తండ్రికి తగ్గ కూతురు, కూతురికి తగ్గ తండ్రి. ఇద్దరూ చెరో వైపు చూస్తూ కూర్చున్నారు.

ఊరొచ్చింది. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ గుమ్మం దగ్గర ఒకటే తోపులాట. "పదండి, పదండి" అంటూ అమ్మ ముందు దిగింది. చిన్నది సంచి అందుకుని దిగింది. నాన్న ఆఖరున దిగాడు.

రైలు కూత వేసి కదిలింది. ప్లాట్‌ఫారం మీద జనం పలచబడ్డాక నాన్న చెయ్యి అలవాటుగా జేబు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"తీసుకున్నావా?" అన్నాడు.

"నువ్వు తీసుకున్నావనుకున్నా" అంది చిన్నది.

ఇద్దరూ ఒకేసారి పట్టాలకేసి తిరిగారు. ఆఖరి పెట్టె మలుపు దాటుతోంది. ఇరవై ఆరేళ్ళ చెంచా, ఎవరూ కూర్చోని సీటు మీద కూర్చుని, తర్వాతి ఊరికి వెళ్ళిపోయింది.

నాన్న పరిగెత్తలేదు, స్టేషన్ మాస్టరుని పిలవలేదు. ఖాళీ జేబు మీద చెయ్యి ఉంచుకుని నిలబడ్డాడు. రేపు పొద్దున ఐదింటికి క్యాంటీన్ తలుపు తీయగానే తొమ్మిది మందీ ముందు చూసేది ఆ జేబునే.

కొంచెం దూరంలో అమ్మ ఆగి, వెనక్కి తిరిగి చూసింది. నాన్న ఆవిడ వైపు చూశాడు, ఎనిమిది రోజుల అలవాటు ప్రకారం మాట మోస్తుందేమోనని. అమ్మ సంచి భుజాన వేసుకుని ముందుకి నడిచిపోయింది.

అప్పుడు ఆయన కూతురి వైపు తిరిగాడు.

"రేపు వాళ్ళు అడుగుతారు, చెంచా ఏదని" అన్నాడు. "ఏం చెప్పమంటావు?"